ఊరు మారితే కార్ ఇన్సూరెన్స్ రేటు ఎందుకు మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

రెన్యూవల్ టైం వచ్చిందంటే చాలు అందరూ అడిగేవి ఇవే ప్రశ్నలు. అన్నీ ఒకచోట పెడితే ఎవరికి కావాల్సింది వాళ్లు చూసుకుంటారని రాస్తున్నా. ముందే ఒక మాట చెప్తా, ఊరిని బట్టి ప్రీమియం ఎంత తగ్గుతుందా అని మనవాళ్లు పడే తాపత్రయంలో సగం, ఊరిని బట్టి ఏ కవర్ తీసుకోవాలి అన్నదాని మీద పెడితే చాలా కుటుంబాలకి లక్షలు మిగులుతాయి. ఎందుకో కిందకి వెళ్తే మీకే అర్థమవుతుంది.

కారు ఒకటే, మోడల్ ఒకటే, మరి హైదరాబాద్‌లో ఒక రేటు ఖమ్మంలో ఒక రేటు ఏంటండీ?

మనం కట్టే ప్రీమియంలో రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి థర్డ్ పార్టీ, అంటే మన కారు వల్ల వేరేవాళ్లకి దెబ్బ తగిలినా ప్రాణం పోయినా వాళ్ల ఆస్తి పాడైనా ఇచ్చేది. రెండోది ఓన్ డ్యామేజ్, మన కారుకే ఏదైనా అయితే ఇచ్చేది. థర్డ్ పార్టీ రేటు దేశం మొత్తం మీద ఒకటే, ఖమ్మంలో అయినా ముంబైలో అయినా పైసా తేడా ఉండదు. ఊరిని బట్టి మారేది ఓన్ డ్యామేజ్ ముక్క ఒక్కటే.

ఎందుకు మారుతుందంటే, పెద్ద సిటీలో ట్రాఫిక్ ఎక్కువ, రోజూ ఎవడో ఒకడు బంపర్‌కి రాసుకుంటూ పోతాడు, దొంగతనాలు ఎక్కువ, వర్క్‌షాప్‌లో లేబర్ చార్జీ ఎక్కువ, పెయింటింగ్‌కి ఒక్కో ప్యానెల్‌కి తీసుకునే రేటు కూడా ఎక్కువే. ఆ ఊరి నుంచి ఎక్కువ క్లెయిమ్‌లు, పెద్ద బిల్లులు వస్తుంటే కంపెనీ అక్కడ రేటు పెంచుతుంది. మీరు ఎంత జాగ్రత్తగా నడిపినా సరే మీ ఊళ్లో మిగతావాళ్ల క్లెయిమ్‌ల భారం కొంచెం మీ మీద కూడా పడుతుంది, ఇన్సూరెన్స్ అంటేనే అందరి డబ్బూ కలిపి నష్టపోయినవాళ్లకి ఇవ్వడం కాబట్టి.

జోన్ ఏ, జోన్ బీ అంటారు, అవేంటి?

2002లో వచ్చిన ఇండియా మోటార్ టారిఫ్‌లో, అంటే ప్రీమియం రేట్ల పట్టికలో, దేశాన్ని ఇలా విడగొట్టారు. కార్లకి, బైకులకి జోన్ ఏ అంటే ఎనిమిది సిటీలు: హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై, పుణె, అహ్మదాబాద్, కోల్‌కతా, న్యూ ఢిల్లీ. మిగతా దేశం అంతా జోన్ బీ. అంతే, మధ్యలో ఇంకేం లేదు.

2007 జనవరి 1 నుంచి ఓన్ డ్యామేజ్ రేట్లని కంపెనీలకే వదిలేశారు, అయినా పాత టారిఫ్ లెక్కని చాలా కంపెనీలు మొదటి మెట్టుగా పెట్టుకుని దాని మీద డిస్కౌంట్ ఇస్తుంటాయి, అందుకే మీ పాలసీ కాగితంలో ఇప్పటికీ జోన్ అని ఒక గడి కనిపిస్తుంది.

సరే, రూపాయల్లో చెప్పండి, తేడా ఎంత?

ఇక్కడే అందరూ ఆశ్చర్యపోతారు. ఐదేళ్ల లోపు కారు, ఇంజిన్ 1000 నుంచి 1500 సీసీ మధ్యలో ఉందనుకోండి, అంటే మనవాళ్లు ఎక్కువగా కొనే 1197 సీసీ బండ్లు. టారిఫ్ ప్రకారం జోన్ ఏలో ఐడీవీ మీద 3.283 శాతం, జోన్ బీలో 3.191 శాతం. ఐడీవీ అంటే కారుకి ఇన్సూరెన్స్ వాళ్లు కట్టిన విలువ. అది 6 లక్షలు అనుకుంటే హైదరాబాద్‌లో 19,698 రూపాయలు, కరీంనగర్‌లో 19,146 రూపాయలు. తేడా 552.

అది కూడా డిస్కౌంట్‌లు తీయకముందు లెక్క. కంపెనీ 60 శాతం తగ్గించి, మీకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయనందుకు ఇచ్చే తగ్గింపు) కూడా ఉంటే ఆ 552 కాస్తా 110కి వస్తుంది, 18 శాతం జీఎస్టీ వేసినా 130. దీనికోసం బండి అమ్మమ్మగారి ఊళ్లో రిజిస్టర్ చేయించుకుందామా అని ప్లాన్‌లు వేసేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని పెట్టుకోకండి.

చిన్న ఇంజిన్‌లకి, అంటే 1000 సీసీ లోపు వాటికి జోన్ ఏలో 3.127, బీలో 3.039. 1500 దాటితే 3.440, 3.343. కారు వయసు ఐదేళ్లు దాటితే అన్నీ కొద్దిగా పెరుగుతాయి. ఎటు చూసినా జోన్ తేడా అనేది శాతంలో పదో వంతు దగ్గరే తిరుగుతుంది.

విజయవాడ, వైజాగ్ కూడా పెద్ద సిటీలే కదా, అవి జోన్ బీలో ఎందుకున్నాయి?

టారిఫ్ లిస్ట్ రాసిన 2002లో ఆ ఎనిమిదే పెట్టారు, ఆ తర్వాత ఆ లిస్ట్ మార్చలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర సాయంత్రం ట్రాఫిక్ చూసినవాళ్లకి ఇది వింతగానే ఉంటుంది. కానీ కంపెనీలు ఇప్పుడు జోన్ ఒక్కటే చూడట్లేదు, ఒక్కో ఆర్టీవో ఆఫీసు వారీగా తమ క్లెయిమ్‌ల లెక్కలు చూసుకుని డిస్కౌంట్ ఎక్కువ తక్కువ చేస్తున్నాయి. కాబట్టి జోన్ బీలో ఉన్నంత మాత్రాన వైజాగ్ కారుకి నర్సీపట్నం కారుకి ఒకే రేటు రావాలని రూల్ లేదు.

నేను ఉండేది నల్గొండలో, కారు మాత్రం హైదరాబాద్ రిజిస్ట్రేషన్. నాకు ఏ జోన్?

జోన్ ఏ. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, టారిఫ్‌లో లెక్క బండి ఏ ఆఫీసులో రిజిస్టర్ అయ్యిందో దాన్ని బట్టే, మీరు ఎక్కడ పడుకుంటారు, కారు ఎక్కడ పెడతారు అన్నదాన్ని బట్టి కాదు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఇక్కడే కన్ఫ్యూజ్ అవుతారు, కొన్నది సిద్దిపేటలో కానీ నంబర్ టీఎస్ 09 అయితే అది హైదరాబాద్ బండే.

పాత నంబర్లతో ఇంకో తిరకాసు ఉంది. ఏపీ 09 అని ఉంటే అది ఆంధ్ర బండి అనుకుంటారు కొత్తవాళ్లు, రాష్ట్రం విడిపోకముందు ఏపీ 09 అంటే హైదరాబాదే. అలాగే ఏపీ 36 అంటే వరంగల్. ఆన్‌లైన్‌లో కోట్ తీసేటప్పుడు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని నొక్కేసి ముందుకు పోకండి, ఆర్సీ చూసి ఆఫీసు పేరు సరిగ్గా ఎంచుకోండి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీఎస్ బదులు టీజీ వచ్చింది, దానివల్ల జోన్‌లో ఏ మార్పూ లేదు.

హైదరాబాద్ చుట్టుపక్కల, అంటే రంగారెడ్డి, మేడ్చల్ ఆఫీసుల్లో రిజిస్టర్ అయిన బండ్లవాళ్లు మాత్రం తమ పాలసీ షెడ్యూల్‌లో జోన్ ఏ అని పడిందా బీ అని పడిందా అని చూసుకోండి, టారిఫ్‌లో రాసింది హైదరాబాద్ అని ఒక్క మాటే.

మాది ఏపీ 39 నంబర్. దీన్ని చూస్తే ఏ ఊరో తెలీదు కదా?

తెలీదు. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి ఒకటే కోడ్ పెట్టేశారు, శ్రీకాకుళం బండి అయినా చిత్తూరు బండి అయినా ఏపీ 39తోనే మొదలయ్యేది. నంబర్ ప్లేట్ చూసి ఊరు చెప్పే రోజులు పోయాయి. కానీ ఆర్సీలో రిజిస్టరింగ్ అథారిటీ అని ఒక లైన్ ఉంటుంది, అక్కడ ఆఫీసు పేరు ఉంటుంది, ఇన్సూరెన్స్‌కి ఇవ్వాల్సింది అదే. జోన్ పరంగా అయితే ఏపీలో ఎక్కడైనా బీనే కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

మా బావది నాది ఒకే ఊరు, ఒకే మోడల్. తనకి నాకన్నా మూడు వేలు తక్కువ వచ్చింది, ఎలా?

ఊరు వల్ల కాదు, గ్యారంటీగా చెప్పొచ్చు. ఇలాంటప్పుడు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది నో క్లెయిమ్ బోనస్. ఒక ఏడాది క్లెయిమ్ చేయకపోతే 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకి 50 శాతం ఓన్ డ్యామేజ్‌లో తగ్గుతుంది. రెండోది ఐడీవీ, మీ బావగారు ఐడీవీ తక్కువ పెట్టించుకుని ఉంటే ప్రీమియం తగ్గుతుంది, కానీ రేపు కారు పోతే చేతికొచ్చేది కూడా తక్కువే, అందులో సంబరపడాల్సింది ఏం లేదు. మూడోది యాడ్ ఆన్‌లు, అంటే మామూలు పాలసీ మీద అదనంగా కట్టి తీసుకునేవి, జీరో డెప్రిసియేషన్, ఇంజిన్ ప్రొటెక్ట్ లాంటివి మీరు తీసుకుని తను తీసుకోకపోతే తేడా అక్కడే వచ్చేస్తుంది.

ఇక ఎక్కడ కొన్నారు అన్నది ఇంకోటి. షోరూమ్‌లో ఇచ్చే కోట్ బయట దొరికేదానికన్నా చాలాసార్లు ఎక్కువ ఉంటుంది, హైదరాబాద్‌కి వరంగల్‌కి ఉన్న తేడా కన్నా ఒకే ఊళ్లో షోరూమ్‌కి బయటికి ఉన్న తేడానే పెద్దది. మా దగ్గరే తీసుకోవాలి, లేకపోతే డెలివరీ ఇవ్వం అంటే ఒప్పుకోకండి, మీకు నచ్చిన కంపెనీ దగ్గర తీసుకునే హక్కు మీకుంది.

థర్డ్ పార్టీ మాత్రం దేశమంతా ఒకటే ఎందుకు? మా ఊళ్లో యాక్సిడెంట్లు తక్కువ కదా, మాకు తగ్గించాలి కదా?

న్యాయంగా అనిపించే ప్రశ్నే. కానీ ఆలోచించండి, థర్డ్ పార్టీ అనేది చట్టం ప్రకారం ప్రతి బండికీ ఉండి తీరాల్సింది, 1988 మోటార్ వెహికల్స్ చట్టం 146వ సెక్షన్ అది. లేకుండా దొరికితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 ఫైన్, జైలు కూడా ఉండొచ్చు. అందరూ తప్పనిసరిగా కొనాలి అన్నప్పుడు రేటు కంపెనీల ఇష్టానికి వదిలేస్తే కొన్ని జిల్లాలవాళ్లకి అందకుండా పోతుంది, అందుకే దాన్ని కేంద్రమే ఫిక్స్ చేస్తుంది. 2022 జూన్ 1న వచ్చిన రేట్ల ప్రకారం ఏడాదికి 1000 సీసీ లోపు కారుకి 2,094, 1000 నుంచి 1500 వరకు 3,416, ఆ పైన 7,897. ఎలక్ట్రిక్ కార్లకి 15 శాతం తక్కువ. కొత్త కారు అయితే మూడేళ్లది ఒకేసారి కట్టాలి, 2018 సెప్టెంబర్ నుంచి అలా ఉంది.

ఇంకో విషయం, బండి ఒకచోట ఉండదు. ఆదిలాబాద్ కారు నాగ్‌పూర్ రోడ్డు మీద యాక్సిడెంట్ చేయొచ్చు. చనిపోయిన మనిషి వయసు, సంపాదన, ఆయన మీద ఆధారపడ్డవాళ్లు ఎంతమంది అన్నది చూసి ట్రిబ్యునల్ పరిహారం తేలుస్తుంది, కారు ఏ ఊళ్లో రిజిస్టర్ అయిందన్నది ఆ లెక్కలోకి రాదు. ప్రాణనష్టానికి, గాయాలకి కంపెనీ కట్టాల్సిన దానికి పైన లిమిట్ కూడా లేదు, ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి మాత్రం 7.5 లక్షల లిమిట్ ఉంది.

యానాం అడ్రస్‌తో రిజిస్టర్ చేయిస్తే ఇన్సూరెన్స్ కూడా తగ్గుతుందంట, నిజమేనా?

కాకినాడ పక్కనే ఉన్నా యానాం పుదుచ్చేరి కింద ఉంటుంది కాబట్టి అక్కడ నంబర్ పీవై 04. అక్కడికి వెళ్లేవాళ్లు రోడ్ టాక్స్ కోసం వెళ్తారు, ఇన్సూరెన్స్ కోసం కాదు. ఇన్సూరెన్స్ పరంగా యానాం జోన్ బీ, కాకినాడా జోన్ బీనే, తేడా ఎక్కడిది?

పైగా అక్కడ ఉండకుండా అక్కడి అడ్రస్ ప్రూఫ్ పెట్టడం అనేది తప్పుడు సమాచారం ఇవ్వడం. ఇన్సూరెన్స్ కాంట్రాక్ట్ నిలబడేదే మనం ఇచ్చిన వివరాలు నిజం అన్నదాని మీద. క్లెయిమ్ పెద్దదైతే నష్టం అంచనా వేసే సర్వేయర్ వస్తాడు, ఆర్సీ అడుగుతాడు, అన్నీ సరిచూస్తాడు, అప్పుడు తేడా బయటపడితే ఏళ్ల తరబడి కట్టిన ప్రీమియం మొత్తం నీళ్లలో పోసినట్టే. అసలు కారు కంటే ఆ టెన్షన్ ఎక్కువ అవుతుంది.

మా ఏరియాలో వర్షం వస్తే నీళ్లు నిలుస్తాయి. దానివల్ల ప్రీమియం పెరుగుతుందా?

ఒక కాలనీని పట్టుకుని నీళ్లు వచ్చే కాలనీ కాబట్టి ఎక్కువ కట్టు అని మన దగ్గర టారిఫ్ అడగదు. కానీ నేను ఈ పేజీ రాస్తున్నదే ఈ ప్రశ్న కోసం, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో టోలీచౌకి నదీమ్ కాలనీ, సరూర్‌నగర్ వైపు కాలనీలు ఎలా అయ్యాయో చూశాం, కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కొట్టుకుపోయాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు రోజుల తరబడి బండ్లు నీళ్లలోనే ఉండిపోయాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వైజాగ్‌లో చెట్లు కార్ల మీద పడ్డాయి. ఇలాంటప్పుడు థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్లకి ఒక్క రూపాయి రాదు. వరద, తుఫాను, చెట్టు పడడం, దొంగతనం, మంటలు ఇవన్నీ ఓన్ డ్యామేజ్ కిందకే వస్తాయి. ఐదారువేలు మిగులుతాయని థర్డ్ పార్టీతో సరిపెట్టుకున్న కుటుంబం, ఇంకా ఈఎంఐ కడుతున్న కారుని చెత్త కింద అమ్ముకోవాల్సి వస్తే ఎంత బాధో ఒక్కసారి ఆలోచించండి.

ఓన్ డ్యామేజ్ ఉన్నా ఇంకో గుంట ఉంది. నీళ్లలో ఉన్న కారుని స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీరు వెళ్లి లోపల కనెక్టింగ్ రాడ్‌లు వంగిపోతాయి, దీన్ని హైడ్రోస్టాటిక్ లాక్ అంటారు. నీళ్లు వచ్చి చేసిన నష్టం వేరు, మీరు స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టం వేరు అని కంపెనీ వాదిస్తుంది, మామూలు పాలసీలో అది కవర్ కాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ ఉండేది దానికోసమే. కాబట్టి చెరువు కింద కాలనీ, నాలా పక్కన అపార్ట్‌మెంట్, సెల్లార్ పార్కింగ్, వాగు దాటితే కానీ ఊళ్లోకి పోలేని రోడ్డు, ఇలాంటి చోట ఉన్నవాళ్లు వేరే ఏ యాడ్ ఆన్ తీసేసినా ఇది మాత్రం తీసేయకండి.

బండి మునిగితే చేయాల్సినవి కూడా చెప్తా. స్టార్ట్ చేయొద్దు, ఇగ్నిషన్ కూడా ఆన్ చేయొద్దు. నీళ్లు ఎంతవరకు వచ్చాయో కనపడేట్టు ఫోటోలు, వీడియో తీయండి. వీలైతే బ్యాటరీ వైర్ తీసేయండి. కంపెనీకి వెంటనే ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి, తర్వాత టోయింగ్ బండితోనే వర్క్‌షాప్‌కి పంపండి. ఎవరో తెలిసిన మెకానిక్ వచ్చి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం అన్నా ఒప్పుకోవద్దు. రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్కగడతారు, అందుకే ఐడీవీ మరీ తగ్గించుకోవద్దని పైన చెప్పింది.

చిన్న ఊళ్లో ఉంటాం, ట్రాఫిక్ ఏం ఉండదు. మాకు ఏ కవర్ అవసరం?

చిన్న ఊళ్ల కష్టం వేరే. దగ్గరలో కంపెనీ వర్క్‌షాప్ ఉండదు, బండి ఆగిపోతే డెబ్బై ఎనభై కిలోమీటర్లు లాక్కుపోవాలి. మామూలు పాలసీలో యాక్సిడెంట్ తర్వాత బండిని రిపేర్ చేసే చోటుకి చేర్చడానికి ఇచ్చేది మొత్తం కలిపి 1,500 రూపాయలే, ఏజెన్సీ ఊళ్ల నుంచి టోయింగ్‌కి అది ఏ మూలకి సరిపోదు. రోడ్ సైడ్ అసిస్టెన్స్ తీసుకోండి, తీసుకునేటప్పుడు ఎన్ని కిలోమీటర్ల వరకు ఫ్రీ అని అడగండి. మీ ఊరి నుంచి క్యాష్‌లెస్ గ్యారేజ్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా కట్టే గ్యారేజ్, ఎంత దూరమో కంపెనీ లిస్ట్‌లో చూసుకున్నాకే పాలసీ తీసుకోండి. మంథనిలో ఉండే మనిషికి దగ్గర గ్యారేజ్ కరీంనగర్‌లో ఉన్న కంపెనీ పనికొస్తుంది కానీ, హైదరాబాద్‌లో మాత్రమే ఉన్న కంపెనీ ఐదు వందలు తక్కువకి ఇచ్చినా వద్దు.

సిటీవాళ్లకైతే జీరో డెప్రిసియేషన్, అంటే పార్టుల అరుగుదల పేరుతో కోత పెట్టకుండా ఇచ్చే యాడ్ ఆన్, ఎక్కువ పనికొస్తుంది. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ పార్టులకి సగమే ఇస్తారు, ఫైబర్ గ్లాస్‌కి 30 శాతం కోస్తారు. ఈరోజుల్లో కారు ముందు భాగం అంతా ప్లాస్టిక్కే, బంపర్ పగిలితే సగం మన జేబులోంచే. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి వెళ్లొచ్చేవాళ్లకి ఇది ఉండాలి.

ట్రాన్స్‌ఫర్ అయ్యి వేరే ఊరు వెళ్లాను. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలా?

చెప్పాలి. అడ్రస్ మారితే 30 రోజుల్లో ఆర్టీవోకి చెప్పాలని చట్టంలో ఉంది, ఇన్సూరెన్స్‌లో కూడా ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో ఆ మార్పు రాయించుకోవడం, చేయించుకోండి. వేరే రాష్ట్రంలో 12 నెలలకి మించి బండి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, దానికి పాత ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోవాలి. కొత్త నంబర్ వచ్చాక పాలసీలో నంబర్ మార్పించుకోవడం చాలామంది మర్చిపోతారు, బండి మీద ఒక నంబర్ పాలసీలో ఒక నంబర్ ఉంటే క్లెయిమ్ రోజున తలనొప్పి. బెంగళూరులో జాబ్ వచ్చి కర్నూలు బండిని అక్కడ రీ-రిజిస్టర్ చేయిస్తే జోన్ బీ నుంచి ఏకి మారుతుంది, కానీ పైన లెక్క చూశారుగా, వందల్లోనే తేడా.

నో క్లెయిమ్ బోనస్ ఊరు మారితే పోదు, కంపెనీ మారినా పోదు. అది మనిషితో వస్తుంది. క్లెయిమ్ వేసినా, పాలసీ అయిపోయి 90 రోజులు దాటినా మాత్రం పోతుంది.

వేరే రాష్ట్రంలో యాక్సిడెంట్ అయితే మా పాలసీ పనిచేస్తుందా?

ఇండియా మొత్తం పనిచేస్తుంది. తిరుపతి బండి లడఖ్ వెళ్లినా కవర్ ఉంటుంది. నేపాల్, భూటాన్ వెళ్తే మాత్రం ముందుగానే కంపెనీకి చెప్పి కొంచెం ఎక్స్‌ట్రా కట్టి ఆ దేశాన్ని పాలసీలో చేర్పించుకోవాలి, బార్డర్ దాటాక చేసేదేం ఉండదు.

బైకులకి, లారీలకి కూడా ఇదేనా?

బైకులకి కార్లలాగే ఏ, బీ రెండే. 150 సీసీ లోపు, ఐదేళ్ల లోపు బైక్‌కి 1.708, 1.676 శాతం, తేడా పట్టించుకోనక్కర్లేదు. లారీలకి మూడు జోన్‌లు, ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై ఏ, మిగతా రాష్ట్ర రాజధానులు బీ, మిగిలినవి సీ. అంటే కార్ల లెక్కలో ఏలో ఉన్న హైదరాబాద్ లారీల లెక్కలో బీకి వస్తుంది, వరంగల్ సీకి.

మా అమ్మాయి అమెరికాలో ఉంది. అక్కడ ఊరు మారగానే ప్రీమియం డబుల్ అయ్యిందంటోంది, మన దగ్గర వందల్లోనే తేడా అంటున్నారు, ఎందుకిలా?

అక్కడ పద్ధతే వేరు. మన దగ్గర థర్డ్ పార్టీ ముక్క దేశమంతా ఫిక్స్. అక్కడ లయబిలిటీ అనే ఆ ముక్కకి కూడా రేటు ఊరిని బట్టే. ఇన్సూరెన్స్ రూల్స్ రాష్ట్రానికో రకం. ఫ్లోరిడాలో, మిషిగన్‌లో, న్యూజెర్సీలో నో ఫాల్ట్ పద్ధతి, అంటే తప్పు ఎవరిదైనా మన వైద్యం ఖర్చు ముందు మన ఇన్సూరెన్సే ఇస్తుంది, అక్కడి హాస్పిటల్ బిల్లులు తెలుసు కదా, ఆ భారం ప్రీమియంలో కనిపిస్తుంది. మిషిగన్‌లో అయితే 2020 జులై వరకు ఆ వైద్యం కవర్‌కి లిమిటే లేదు. డల్లాస్ వైపు వడగళ్లు పడి కార్ల పైకప్పులు సొట్టలు పోతుంటాయి, మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, ప్లేనో అన్నీ ఆ ఏరియానే. ఇన్సూరెన్స్ లేకుండా నడిపేవాళ్లు ఎక్కువ ఉన్న చోట ఆ భారం కూడా కట్టేవాళ్ల మీదే పడుతుంది.

కాలిఫోర్నియా కొంచెం డిఫరెంట్. 1988లో ప్రజలు ఓటు వేసి ప్రపోజిషన్ 103 అని తెచ్చుకున్నారు. దాని ప్రకారం డ్రైవింగ్ రికార్డ్, ఏడాదికి ఎన్ని మైళ్లు నడుపుతారు, ఎన్నేళ్ల అనుభవం, ఈ మూడింటికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలి, ఊరు వాటి తర్వాతే. క్రెడిట్ స్కోర్ చూసి రేటు వేయడానికి కూడా అక్కడ వీల్లేదు, చాలా రాష్ట్రాల్లో చూస్తారు.

అమ్మాయికి ఒక మాట చెప్పండి, అక్కడ లెక్క రిజిస్ట్రేషన్ ఆఫీసుది కాదు, రాత్రిపూట కారు ఎక్కడ ఉంటుంది అన్నదే, గ్యారేజింగ్ అడ్రస్ అంటారు. ఎమ్మెస్ అయిపోయి టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి జాబ్‌కి వెళ్లి, పాత అడ్రస్ మీదే ప్రీమియం తక్కువగా ఉందని అలాగే ఉంచేసే పిల్లలు ఉంటారు. యాక్సిడెంట్ అయితే కంపెనీ కట్టను అనొచ్చు, పాలసీ క్యాన్సిల్ అయితే తర్వాత ఎక్కడ తీసుకున్నా రేటు ఎక్కువే. వెళ్లిన వెంటనే మార్పించుకోమనండి.

ఊరు మార్చలేం కదా, మరి ప్రీమియం తగ్గాలంటే ఏం చేయాలి?

చిన్న చిన్న గీతలకి క్లెయిమ్ వేయకుండా బోనస్ కాపాడుకోవడం అన్నిటికన్నా పెద్దది. రెండు వేల పనికి క్లెయిమ్ వేస్తే 1500 సీసీ లోపు కారుకి 1,000 రూపాయలు ఎలాగూ మనమే పెట్టుకోవాలి, అంటే మిగతా వెయ్యి కోసం 50 శాతం బోనస్ పోగొట్టుకున్నట్టు.

ఏఆర్ఏఐ (బండ్లని, వాటి పార్టుల్ని పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్న యాంటీ థెఫ్ట్ డివైస్ పెట్టిస్తే టారిఫ్ ప్రకారం ఓన్ డ్యామేజ్‌లో 2.5 శాతం, గరిష్టంగా 500 తగ్గుతుంది. క్లెయిమ్‌లో మొదటి కొంత నేనే పెట్టుకుంటా అని వాలంటరీ డిడక్టబుల్ ఎంచుకోవచ్చు, 2,500 అయితే 20 శాతం, గరిష్టంగా 750 తగ్గుతుంది. చేతిలో ఆ డబ్బు ఎప్పుడూ ఉంటుంది అనుకుంటేనే పెట్టుకోండి.

కారు నెలకి రెండుసార్లు గుడికి, పెళ్లిళ్లకి తప్ప బయటికి తీయని ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. వాళ్లకి 2022లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ ఒప్పుకున్న పే యాజ్ యు డ్రైవ్ పాలసీలు బాగుంటాయి, ఇన్ని కిలోమీటర్లే తిరుగుతా అని ముందే చెప్పి తక్కువ కట్టొచ్చు. రాజమండ్రిలో అమ్మానాన్నల దగ్గర కారు పెట్టి హైదరాబాద్‌లో మెట్రో ఎక్కేవాళ్లు కూడా ఇది చూడొచ్చు, ఒప్పుకున్న కిలోమీటర్లు దాటిపోయేలా ఉంటే మాత్రం ముందే టాప్ అప్ చేయించుకోండి.

పాలసీ డేట్ దాటిపోయింది, ఇప్పుడు ఏం చేయాలి?

కారు బయటికి తీయకండి, ముందు అది. డేట్ దాటాక కంపెనీ ఓన్ డ్యామేజ్ ఇవ్వాలంటే బండిని ఇన్‌స్పెక్ట్ చేస్తుంది, ఈమధ్య ఫోన్‌లో వీడియో తీసి పంపితే సరిపోతోంది. బోనస్‌కి 90 రోజులు టైం ఉందని కూర్చోవద్దు, ఆ మధ్యలో ఏదైనా జరిగితే కవర్ ఉండదు. వర్షాకాలంలో రెన్యూవల్ వచ్చేవాళ్లు వారం ముందే చేయించేసుకోండి.